పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: భీమిలి రేవు, దాని కొండ, దాని సముద్రం

ప్రశ్న: సంక్రాంతి సెలవులకు మా ఆడపడుచు కుటుంబం హైదరాబాదు నుంచి విశాఖకు వస్తున్నారు. వారితోపాటు డెబ్బై ఏళ్ళు దాటిన మా అత్తగారు, కొండలు ఎక్కాలని, సముద్రంలో దిగాలని ఉబలాటపడే ఇద్దరు పిల్లలు ఉంటారు. రామకృష్ణా బీచ్, కైలాసగిరి, జలాంతర్గామి మ్యూజియం వారు ఇదివరకే చూశారు. ఈసారి మధ్యయుగాల నాటి రేవు పట్టణాన్ని ఒకదాన్ని చూపించాలని, పిల్లలకు ఆరుబయట తిరిగే వీలు కూడా అక్కడే ఉండాలని మా కోరిక. భీమిలి అలాంటిదేనా? రెండు రోజులు ఎలా గడపమంటారు? (ఒక గృహిణి, ఎం.వి.పి. కాలనీ)

జవాబు: అమ్మా, ముందుగా ఒక చిన్న సవరణ చెప్పనివ్వండి. మీ రెండు రోజుల ప్రయాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది. భీమిలిలో, అంటే భీమునిపట్నంలో, ఈనాడు కంటికి కనిపించే పాత కట్టడాలు మధ్యయుగాలవి కావు. అవి పదిహేడవ శతాబ్దంలో ఇక్కడ వర్తకశాల పెట్టుకున్న డచ్చివారివీ, వారి తరువాత 1825లో ఊరిని తమ చేతిలోకి తీసుకున్న ఇంగ్లీషువారివీ. మధ్యయుగం చూడాలంటే సింహాచలం వెళ్ళాలి. ఆ దేవాలయంలో దొరికిన శాసనాలలో పాతది కులోత్తుంగ చోళుని కాలానికి, అంటే క్రీస్తు శకం 1098 ప్రాంతానికి చెందినది. ఆ రోజుల్లో మన విశాఖపట్నానికి కూడా కులోత్తుంగచోళపట్టణమనే మరో పేరు ఉండేదని శాసనాలు చెబుతున్నాయి. అంటే తొమ్మిది వందల ఏళ్ళ కిందటే ఇది పేరున్న రేవు. ప్రాకారం లోపల ఇళ్ళు, గుడి, సంత, రేవు అన్నీ కుదురుగా మిగిలిన పట్టణం మాత్రం ఈ తీరంలో మీకు దొరకదు. ఇక్కడి చరిత్ర కొండకూ సముద్రానికీ మధ్య ముప్పై కిలోమీటర్ల మేర చెదిరి ఉంది. దాన్ని చూడాలంటే నడవక తప్పదు. మీ పిల్లలు కోరుకునే ఆరుబయట తిరుగుడూ, మీరు కోరుకునే చరిత్రా ఇక్కడ వేర్వేరు పనులు కావని నా గట్టి నమ్మకం.

మొదటి రోజును సింహాచలానికి ఇవ్వండి. అత్తగారిని ఘాట్ రోడ్డు మీదుగా బస్సులోనో కారులోనో పైకి తీసుకువెళ్ళి, పిల్లలను దాదాపు వెయ్యి ఉన్న మెట్ల దారిన ఎక్కించండి. తెల్లవారుజామున బయలుదేరితే ఎండ తగలదు. సంక్రాంతి రోజుల్లో దర్శనానికి రద్దీ ఉంటుంది కాబట్టి ఆ వేళలో వెళ్ళడం మరింత మంచిది. స్వామిని దర్శించుకున్న వెంటనే దిగిపోకండి. ఈ ఆలయం ఇప్పటి రూపం దిద్దుకున్నది పదమూడవ శతాబ్దంలో తూర్పు గాంగ రాజు ఒకటవ నరసింహదేవుని కాలంలో. కోణార్కలో సూర్యదేవాలయం కట్టించిన రాజు కూడా ఆయనే. ఈ సంగతి చెప్పిన తరువాత పిల్లలను గోడల మీది శిల్పాలు, తొంభై ఆరు స్తంభాల నాట్యమండపం, రాతిరథం, దానిని లాగుతున్న గుర్రాలు చూడమనండి. వాళ్ళే పోలికలు వెతకడం మొదలుపెడతారు. గజపతులతో యుద్ధం చేసిన శ్రీకృష్ణదేవరాయలు 1516లోనూ 1519లోనూ ఈ కొండకు వచ్చి స్వామికి ఆభరణాలు సమర్పించాడు. గోడల మీద, స్తంభాల మీద వందల కొద్దీ శాసనాలున్నాయి. వాటిలో తెలుగు అక్షరాలను ఒక్కొక్కటిగా పోల్చుకోవడం పెద్దవాళ్ళకు కూడా ఎంతో ఆనందంగా ఉంటుంది. ఆ రాతలలో కొన్ని అక్షరాలు ఈనాటి మన అక్షరాలకు ఎంత దగ్గరగా ఉంటాయో చూసి, ఆరు నెలల కిందట నాతో వచ్చిన ఒక పదేళ్ళ పాప గోడ దగ్గర నుంచి కదలనంటే కదలనంది.

రెండవ రోజు భీమిలికి. ఇక్కడ నా సలహా చాలామంది చెప్పేదానికి భిన్నంగా ఉంటుంది. అందరూ ముందు బీచ్‌కు వెళ్ళి, ఫోటోలు దిగి, ఓపిక మిగిలితే సమాధులు చూసి, కొండను దూరం నుంచే చూసి వెనక్కి వస్తారు. మీరు కొండతో మొదలుపెట్టండి. ఊరికి ఆనుకొని ఉన్న పావురాలకొండను, అక్కడున్న గుడి వల్ల నరసింహస్వామి కొండ అని కూడా అంటారు. పొద్దున్న ఏడు గంటలలోపు పైకి చేరితే, ఈ ఊరు ఇక్కడే ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పనక్కరలేకుండా తెలుస్తుంది. ఒక పక్క గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, దాని వెనుక పచ్చటి పల్లపు నేల, ముందు తీరం లోపలికి వంగిన వంపు, పడవల నుంచి దూరానికి కనిపించే ఆనవాలుగా మీరు నిలబడిన ఈ కొండ. రేవుకు కావలసినవన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. మంచినీరు, సరుకు దిగివచ్చే లోయ, నావికుడికి గుర్తు, గాలి నుంచి కొంత మరుగు.

గోస్తని గురించి పిల్లలకు ఒక మాట చెప్పండి. అది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయం దాటి ఇక్కడ సముద్రాన్ని చేరుతుంది. గుహలో ఆవు పొదుగులా వేలాడే సున్నపురాతి నుంచి నీరు చుక్కలు చుక్కలుగా రాలుతుంది కాబట్టే ఆ పేరు వచ్చింది. బొర్రాలో వాళ్ళ తల మీద పడిన చుక్క ఈ మొగ దగ్గరికే చేరుతుందని తెలిస్తే ఆ నది వాళ్ళకు ఇక కొత్తది కాదు.

అదే కొండ మీద క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దం నుంచి క్రీస్తు శకం రెండవ శతాబ్దం వరకు బౌద్ధభిక్షువులు నివసించిన ఆనవాళ్ళు, వాన నీరు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. కొండ మీద ఊట లేదు, బావి లేదు. నాలుగు నెలల వానను ఏడాదంతా తాగడానికి దాచుకున్నారు. పిల్లలను ఆ తొట్ల అంచున కూర్చోబెట్టి ఇక్కడ ఎంతమందికి ఎన్నాళ్ళు సరిపోతుందో లెక్క వేయమనండి. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా వచ్చే బౌద్ధం అప్పుడు రోజువారీ బతుకుగా అర్థమవుతుంది.

తరువాత దిగివచ్చి నది మొగ దగ్గర ఇసుకలో ఒక గంట గడపండి. వేటకు వెళ్ళిన పడవలు ఆ వేళకు తిరిగి వస్తూ ఉంటాయి. అత్తగారు ఇక్కడ మీతో కలవవచ్చు, నడక తక్కువ. ఎండ పెరిగే ముందు డచ్చివారి శ్మశానానికి వెళ్ళండి. పాత తెలుగులో వలందులని పిలిచిన ఈ వర్తకులు 1602లో కంపెనీగా ఏర్పడి, మచిలీపట్నం, పులికాట్, పాలకొల్లు, కాకినాడల్లో లాగానే ఇక్కడ కూడా బట్టల కోసం స్థిరపడ్డారు. మన నేతగాళ్ళ నూలుబట్టను కొని తూర్పు దీవులకు తీసుకువెళ్ళి, దానికి బదులుగా లవంగం, జాజికాయ తెచ్చుకునేవారు. ఆ దీవుల వాళ్ళు వెండి కన్నా మన బట్టనే ఎక్కువగా కోరుకోవడం వల్ల కంపెనీకి ఈ తీరం అవసరమైంది. 1754లో మరాఠాలు వచ్చి ఈ వర్తకశాలను దోచుకున్నారు. 1824లో లండనులో కుదిరిన ఒప్పందం ప్రకారం మరుసటి ఏడాది ఊరు ఇంగ్లీషువారికి దక్కింది. ఆ వ్యవహారాల నడుమ ఇక్కడే చనిపోయి, ఇంటికి తిరిగి వెళ్ళలేకపోయిన వాళ్ళ సమాధులివి. పదిహేడవ శతాబ్దపు రాళ్ళు కూడా ఉన్నాయి. రాతిపలకల మీది వయసులు చదివితే చాలామంది ఎంత చిన్న వయసులో పోయారో అర్థమవుతుంది. ఉప్పుగాలికి అక్షరాలు అరిగిపోతున్నాయి. అవి స్పష్టంగా కనిపించాలని ఎవరో సుద్దముక్కతో రుద్దిన గుర్తులు చూసి నాకు చాలా బాధ కలిగింది. సుద్ద, నీళ్ళు, గోరు ఏదీ తాకించవద్దు. పొద్దుటి ఏటవాలు ఎండలో చెక్కిన గీతకు నీడ పడుతుంది, చదవడానికి ఆ నీడ చాలు.

మధ్యాహ్నానికి ఘంటస్తంభం, సెయింట్ పీటర్స్ చర్చి, దీపస్తంభం ఉన్న వీధుల్లో నెమ్మదిగా తిరగండి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు ఇది. దేశంలోని తొలి పురపాలక సంఘాలలో ఒకటి. ఆ పాతకాలపు పొందిక ఇరుకు వీధుల్లో, కొన్ని పెంకుటిళ్ళ వసారాల్లో ఇంకా తెలుస్తుంది. భోజనం ఏదైనా చిన్న హోటల్లో చేసి, సాయంత్రం చల్లబడ్డాక తీరం రోడ్డున వెనక్కి బయలుదేరండి. కొండలు కుడిచేతి వైపు, సముద్రం ఎడమచేతి వైపు వస్తాయి. అత్తగారికి ఎడమవైపు కిటికీ ఇవ్వండి.

ప్రశ్న: మేము ఇంజనీరింగ్ చదువుతున్న ఆరుగురం మిత్రులం. రిషికొండ నుంచి భీమిలి వరకు ఇసుక మీదుగానే నడిచి వెళ్ళాలని అనుకుంటున్నాము. దారిలో ఏవి చూడవచ్చు? అడవిలో నడిచే దారులు కూడా చెప్పగలరా? (ఒక విద్యార్థి, మధురవాడ)

జవాబు: మొత్తం దూరం పదిహేను కిలోమీటర్లకు పైనే ఉంటుంది. తారురోడ్డు మీద అది పెద్ద లెక్క కాదు కానీ ఇసుక మీద రెట్టింపు శ్రమ. పైగా మన తీరం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది, నాలుగైదు కిలోమీటర్లకే మోకాలు నొప్పి పెడుతుంది. సముద్రం వెనక్కి తగ్గిన వేళ తడి ఇసుక గట్టిగా, కొంచెం సమంగా ఉంటుంది. ఆటుపోట్ల వేళలు ముందే చూసుకొని ఆటు సమయానికి నడక మొదలుపెట్టండి. మొదటిసారి వెళుతున్నారు కాబట్టి మంగమారిపేట నుంచి భీమిలికి సుమారు పది కిలోమీటర్లే పెట్టుకోండి. మంగమారిపేట దగ్గర సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. ఆటు వేళ దాని దగ్గరికి వెళ్ళి చూడవచ్చు కానీ పైకి ఎక్కకూడదు. కెరటం కొట్టే రాయి మీద పాచి ఎలా ఉంటుందో జారి పడినవాడికే తెలుస్తుంది.

ఆ ఊరికి ఎదురుగానే తొట్లకొండ ఉంది, సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు. దాన్ని నడకకు ముందే, పొద్దున్నే చూసుకోండి. నౌకాదళ అవసరాల కోసం ఈ ప్రాంతాన్ని సర్వే చేస్తున్నప్పుడు 1970లలో ఈ బౌద్ధ స్థలం బయటపడింది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. స్తూపం, విహారాలు, భోజనశాల, నీటి తొట్లు, వాటితోపాటు శాతవాహనుల సీసపు నాణేలు, రోమను వెండి నాణేలు దొరికాయి. రోము నుంచి వచ్చిన నాణెం ఈ కొండ ఎక్కిందంటే కింద తీరంలో పడవలు ఆగేవనే అర్థం. విశాఖ రేవుల కథ మధ్యయుగంలో మొదలు కాలేదు, అంతకు వెయ్యేళ్ళ ముందే ఉంది. 2019 అక్టోబరు వానలకు అక్కడి మహాస్తూపం కొంత కూలిపోగా తిరిగి నిలబెట్టారు. ఆ ఇటుకల మీద కూర్చోవడం, నిలబడి సెల్ఫీలు తీసుకోవడం మీరు చేయరని ఆశిస్తాను. ఓపిక ఉంటే దగ్గరలోనే ఉన్న మరో బౌద్ధ స్థలం బావికొండ కూడా చూడండి. పేరులోనే బావులు ఉన్నాయి.

దారిలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఎర్రమట్టి దిబ్బలు. గాలి మోసుకొచ్చిన ఇసుక, సముద్రమట్టం ఎక్కి దిగిన కాలాల్లో వేల ఏళ్ళపాటు పేరుకొని, అందులోని ఇనుము గాలికి తుప్పు పట్టి ఎర్రబడింది. ఆ తరువాత వాన నీరు దాన్ని కోసి లోతైన గండ్లు చేసింది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో మన దేశం యునెస్కోకు పంపిన తాత్కాలిక జాబితాలో కూడా ఇది చేరింది. తమిళనాడులో, శ్రీలంకలో ఇలాంటి ఎర్ర ఇసుకలు ఉన్నాయి కానీ తీరం పక్కనే ఇంత దగ్గరగా ఉండి, ఊరు మీదికి తోసుకొస్తున్న చోటు ఇది. గండి అడుగున ఉన్న ఇసుక దారిలోనే నడవండి. గోడల మీదికి పాకితే మీ చెప్పు గుర్తు దగ్గర నుంచే వచ్చే వాన కొత్త కోత మొదలుపెడుతుంది. వాన పడుతున్నప్పుడు, పడిన మరునాడు అసలు వెళ్ళవద్దు, గోడలు విరిగి పడతాయి. జనవరి నుంచి మార్చి వరకు తీరం మీద ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రి పూట వస్తాయి. ఆ నెలల్లో చీకటి పడ్డాక ఇసుక మీద టార్చిలైట్లు, మంటలు వద్దు. వెలుగు చూస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్ళిపోతుంది.

అడవి దారుల విషయానికి వస్తే, నగరం నడిబొడ్డున ఉన్న కంబాలకొండ అభయారణ్యం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. అటవీశాఖ అనుమతించిన దారుల్లో, టికెట్టు తీసుకొని వెళ్ళండి. చిరుతలు తిరిగే అడవి అది, కాబట్టి చెప్పిన వేళ దాటి లోపల ఉండకండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి మాధవధార నుంచి కొండ దాటి సింహాచలం చేరే నడక. ఊటలు, మెట్లు, చెట్ల నీడ, చివర గుడి గంట. ఆ దారిన వెళ్ళినప్పుడు పాత రోజుల్లో యాత్రికుడు ఎలా వచ్చేవాడో కాస్త ఊహకు అందుతుంది. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు జరిగే గిరిప్రదక్షిణ కూడా నడకే కదా. కొండ కింద మొదటి మెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరిన లక్షల మంది, సింహగిరి చుట్టూ 32 కిలోమీటర్లు తిరుగుతూ అప్పుఘర్ దగ్గర సముద్రాన్ని తాకి మళ్ళీ కొండకు చేరతారు. కొండను, సముద్రాన్ని ఒకే నడకలో కట్టిపడేసిన వాళ్ళు మన పెద్దలు. మీరు ఇసుక నడక పూర్తి చేసిన ఏడాదే అది కూడా చేసి చూడండి.

ప్రశ్న: పిల్లలు సముద్రంలో ఈత కొడతామని, స్కూబా డైవింగ్ చేస్తామని పట్టుబడుతున్నారు. ఏటా మన బీచ్‌లలో మునిగిపోయిన వార్తలు చదివి భయంగా ఉంది. అసలు పంపించవచ్చా? (ఒక తండ్రి, గాజువాక)

జవాబు: అయ్యా, మీ భయం న్యాయమైనది, దాన్ని వదులుకోకండి. పూర్వం ఈ తీరంలో ఓడలు ఒడ్డుకు రాలేకపోయేవి. దూరంగా లంగరు వేసి నిలబడితే, మసూలా పడవలు వెళ్ళి సరుకు దింపుకొచ్చేవి. ఇనుప మేకు ఒక్కటి లేకుండా కొబ్బరితాడుతో పలకలను కుట్టి ఆ పడవలు కట్టేవారు. మేకులు కొట్టిన పడవ ఈ కెరటాల దెబ్బకు పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. పడవనే అలా కట్టుకోవలసి వచ్చిన నీరు ఇది. పిల్లలను అందులోకి దింపుతున్నామని మరచిపోకూడదు.

మునిగిపోవడానికి చాలాసార్లు కారణం పెద్ద కెరటం కాదు. కెరటాలు ఒడ్డుకు తోసిన నీరంతా మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాలి కదా, అది ఒక సన్నని దారి చేసుకొని వేగంగా లోపలికి లాగుతుంది. విచిత్రం ఏమిటంటే ఆ దారి దగ్గర కెరటాలు విరగవు, నీరు ముదురు రంగులో ప్రశాంతంగా కనిపిస్తుంది. తెలియనివాళ్ళు అదే మంచి చోటని దిగుతారు. లోపలికి లాగుతున్నట్టు అనిపిస్తే ఒడ్డువైపు ఎదురీదకూడదు, ఎంత బలవంతుడైనా అలసిపోతాడు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, ఆ దారి దాటాక కెరటంతో పాటు ఒడ్డుకు రావాలి. ఈత రానివాడు చేతులెత్తి పిలుస్తూ తేలియాడాలి. ఈ ఒక్క సంగతి మీ పిల్లలకు ఇసుక మీద గీసి చూపించండి. నేను ప్రతి విద్యార్థి బృందానికీ మొదట అదే చేస్తాను.

దిగే చోటు విషయంలో పట్టుదలగా ఉండండి. రక్షకులు ఉండి, ఈత కోసం హద్దులు గుర్తించిన చోటే దిగాలి. శుభ్రత, భద్రత ఉన్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు రిషికొండకు 2020లో వచ్చింది. అక్కడ హద్దుల లోపల ఈత, కయాకింగ్ వంటివి నేర్చుకోవచ్చు. మిగతా ఖాళీ తీరంలో, ముఖ్యంగా నది మొగల దగ్గర, మోకాలి లోతు దాటవద్దు. గోస్తని మొగ దగ్గర ఇసుకమేటలు వారం వారం మారుతుంటాయి, నిన్న నిలబడిన చోట ఇవాళ లోతు ఉంటుంది. సముద్రం పరిస్థితి గురించి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ హెచ్చరికలు ఇస్తుంది. ఆ హెచ్చరిక ఉన్నరోజున ఎంత దూరం నుంచి వచ్చినా నీళ్ళలోకి దిగవద్దు. ఊళ్ళో వేటకు వెళ్ళే పెద్దలు పడవలు ఒడ్డుకు ఎక్కించి కూర్చున్నారంటే, అంతకన్నా వేరే సూచన అక్కరలేదు.

స్కూబాకు నేను అడ్డు చెప్పను. శిక్షణ పత్రం ఉన్న గురువు ఒక్కొక్కరి పక్కనే ఉండాలి, ముందు నిలకడ నీటిలో సాధన చేయించాలి. లోపలికి దిగుతున్న కొద్దీ చెవుల మీద ఒత్తిడి పెరుగుతుంది. ముక్కు మూసి మెల్లగా గాలి వదులుతూ దాన్ని సమం చేసుకోవాలి. జలుబు ఉన్నప్పుడు అది సాధ్యం కాదు కాబట్టి ఆ రోజు మానుకోవాలి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా దిగకూడదు. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, ఇది నియమాలలోకెల్లా ముఖ్యమైనది. మీ ఇంటికి విమానంలో వచ్చిన చుట్టాల కోసం ఇంకొక మాట: నీటి అడుగుకు దిగిన తరువాత కనీసం 18 గంటలు గడవనిదే విమానం ఎక్కకూడదు. ఒత్తిడిలో ఉన్నప్పుడు శరీరంలో చేరిన నత్రజని మెల్లగా బయటికి పోవాలి. అందుకని స్కూబాను మొదటి రోజుకే పెట్టుకోండి, వెళ్ళే రోజుకు వద్దు.

ప్రశ్న: మీ కిందటి సంచికలో మోటుపల్లి పేరు ప్రస్తావించారు. విశాఖ చుట్టుపక్కల చూసిన తరువాత నిజమైన మధ్యయుగపు తెలుగు రేవు చూడాలని ఉంది. అక్కడ ఏముంది? అంత దూరం వెళ్ళడం సార్థకమేనా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, సీతమ్మధార)

జవాబు: మాస్టారూ, మీరు వెళ్ళవలసిన చోటు అదే. బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో సముద్రం పక్కన ఉన్న ఈ చిన్న గ్రామం కాకతీయుల కాలంలో పెద్ద రేవు. ఇప్పుడు చూడడానికి వీరభద్రస్వామి ఆలయం, ఇసుక, సరుగుడు తోటలు, నిశ్శబ్దం ఉన్నాయి. అంతకు మించి ఆశించి వెళితే నిరాశ కలుగుతుంది. కానీ ఆ ఆలయంలోని స్తంభం మీద గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉంది. దాని ముందు నిలబడితే నాకు మరే కోటగోడా అవసరం లేదనిపించింది. అంతకుముందు రాజులు, తుఫానుకు దారితప్పి తమ తీరానికి కొట్టుకొచ్చిన ఓడలోని బంగారం, గుర్రాలు, ఏనుగులు, సరుకులు అన్నీ లాక్కునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మానేస్తున్నానని, ప్రాణం కంటే ధనం గొప్పదనుకొని కష్టపడి సముద్రం దాటివచ్చే వర్తకుల మీద దయతో సుంకం తప్ప మిగతాదంతా వదిలిపెడుతున్నానని ప్రకటించాడు. ఎగుమతి, దిగుమతుల మీద ఆ సుంకం ముప్పయింట ఒక వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడం, మిరియాలు, పట్టు వంటి సరుకుల లెక్క కూడా అక్కడే ఉంది. ఆ జాబితా చదువుతుంటే ఏయే దేశాల పడవలు వచ్చేవో ఊహించుకోవచ్చు. 1358లో కొండవీటి రెడ్డిరాజుల కాలంలో అనపోతారెడ్డి మళ్ళీ అటువంటి హామీనే ఇచ్చాడు. రుద్రమదేవి కాలంలో ఈ రేవు గురించి విన్న మార్కో పోలో, ఇక్కడి రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా పాలిస్తున్నదని, సాలెగూడులాంటి పలుచటి బట్ట దొరుకుతుందని రాసుకున్నాడు.

విశాఖ నుంచి దూరం ఎక్కువే, నాలుగు వందల కిలోమీటర్లకు పైన. రైలులో చీరాల దిగి అక్కడి నుంచి వెళ్ళడం మీ వయసుకు తేలిక. అంత దూరం వద్దనుకుంటే ఉత్తరంగా శ్రీకాకుళం వైపు వెళ్ళండి. శ్రీకూర్మం ఆలయ స్తంభాల మీద గాంగుల కాలపు శాసనాలు వరుసగా ఉన్నాయి. గాంగ రాజ్యభారం కొంతకాలం మోసిన నరహరితీర్థుల 1281 నాటి శాసనం కూడా అక్కడే ఉంది. అక్కడి నుంచి కళింగపట్నం దగ్గరే. వంశధార సముద్రంలో కలిసే మొగ, దీపస్తంభం, ఎవరూ లేని పొడవైన ఇసుక తీరం. నదికి ఎగువన శాలిహుండం కొండ మీద మళ్ళీ బౌద్ధ స్తూపాలు కనిపిస్తాయి. నది మొగ, దానిని కాసే కొండ, కొండ మీద భిక్షువులు, కింద వర్తకులు అన్న భీమిలి పొందికే అక్కడ మరింత పెద్దగా, మరింత ఖాళీగా ఉంటుంది.

బయలుదేరే కాలం మాత్రం చూసుకోండి. అక్టోబరు, నవంబరు నెలలు ఈ తీరానికి తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన నగరం మీదుగానే ఒడ్డు దాటింది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పొద్దున్న చల్లగా, మధ్యాహ్నం భరించగలిగే ఎండగా ఉంటుంది. శాసనాల మీది అక్షరాలు చదవాలంటే ఒక చిన్న టార్చి తీసుకువెళ్ళి పక్క నుంచి వెలుగు వేసి చూడండి. ఎదురుగా వేస్తే ఏమీ కనిపించదు.